కూసో అంటే కూసున్న డిస్కు

మా హన్మకొండ ఇంట్లో, మెట్ల కింద, చెప్పుల స్టాండు పక్కన ఒక సర్వర్ ఉంది. సర్వర్ అనగానే గొప్పగా ఊహించుకోకండి. ఇంజనీరింగ్‌లో ఉండగా కొన్న డెస్క్‌టాప్‌కే మానిటర్ పీకేసి ఆ పేరు పెట్టాను. ఇంటిల్లిపాది ఫోటోలు, బాపు మేడారం జాతరలో తీసిన వీడియోలు అందులోనే. బాపు వీడియోలో సగం ఆకాశం, సగం ముందటాయన వీపు. అయినా ఒక్కటి డిలీట్ చేయనివ్వడు. అట్లా పాత డిస్కు నిండింది.

ఆఫర్‌లో 8 టీబీ ఎక్స్‌టర్నల్ డ్రైవ్ దొరికితే, పైడబ్బా పగలగొట్టి లోపలి డిస్కు తీసి సర్వర్లో బిగించాను. వారంటీ ఆ చప్పుడుతోనే పోయింది. స్విచ్ వేస్తే బయోస్‌లో, అంటే కంప్యూటర్ లేవగానే మొదట కనిపించే సెట్టింగుల తెరలో, కొత్త డిస్కు పేరే లేదు.

కేబుల్ మార్చాను, పోర్ట్ మార్చాను, డిస్కుతో మాట్లాడే పాత పద్ధతి ఐడీఈ తీసి కొత్తది ఏహెచ్‌సీఐ పెట్టాను. ప్లగ్ పీకి పెట్టిన ప్రతిసారీ సెట్టింగులు మళ్లీ మొదటికే. తేదీ చూస్తే 1 జనవరి 2009! దాని లెక్కలో తెలంగాణ ఇంకా రాలేదు, మాది ఇంకా వరంగల్ జిల్లానే. చౌరస్తాలో గడియారాల షాపుకు పోయి ప్లగ్ పీకినా తేదీ, సెట్టింగులు గుర్తుంచే సీఆర్2032 బ్యాటరీ బిళ్ల తెచ్చి వేశాను. రాష్ట్రం వచ్చింది, జిల్లా వచ్చింది, డిస్కు మాత్రం రాలేదు.

"పొద్దట్నించి గా డబ్బా ముందల ఏం జేస్తున్నవ్‌రా?" అంది అమ్మ.

"డిస్కు కనపడ్తలేదమ్మా."

"చేతిల్నే పట్టుకున్నవ్ గద!"

అంటూనే, నేను విప్పి పక్కన పెట్టిన సైడు రేకును వేళ్లతో తట్టి చూసింది. "రేకు మంచిగున్నది," అని వెళ్లిపోయింది.

అప్పుడు తట్టింది, డిస్కు మీద చెయ్యి వేసి చూడాలని. వణుకు లేదు, వేడి లేదు. అసలు తిరగడమే లేదు. పైడబ్బాలో దానితో వచ్చిన యూఎస్‌బీ బోర్డుకు తగిలిస్తే మాత్రం బంగారంలా తిరుగుతోంది.

సంగతేమిటంటే, డిస్కుకు కరెంటు అందించే సాటా పవర్ కనెక్టర్‌కు 15 పిన్నులు. మొదటి మూడింటికీ 3.3 వోల్టులు ఇవ్వడం పాత పవర్ సప్లైల అలవాటు. 2016లో వచ్చిన సాటా 3.3 ప్రమాణం మూడో పిన్నుకు వేరే పని అప్పజెప్పింది: అక్కడ కరెంటు ఉన్నంతసేపూ డిస్కు లేవకూడదు. మా పాత ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) ఏమో ఇంటికొచ్చిన చుట్టాన్ని మర్యాదకు "కూసో" అంటోంది. చుట్టం నిజంగానే కూసుంది.

మందు చాలా చిన్నది: డిస్కు మూడో పిన్ను మీద టేపు ముక్క. ఆ పిన్ను బియ్యపు గింజ కన్నా సన్నం. బాపు టార్చ్ పట్టాడు, వీడియో తీసినట్టే పట్టాడు: సగం గోడ మీద, సగం నా మొహం మీద. మొదటి ముక్క నా వేలికి అంటుకుంది. రెండోది నాలుగో పిన్ను మీద పడింది. మూడోది ఎక్కడ పోయిందో ఇప్పటికీ తెలియదు. నాలుగోది కుదిరింది. స్విచ్ వేయగానే డిస్కు గుర్ర్‌ర్ మంది. బయోస్‌లో పేరు, సైజుతో సహా!

సంతోషంగా రేకు మూశాను. రేకు కేబుల్‌ను నొక్కింది, డిస్కు మాయం. విప్పితే వచ్చింది, మూస్తే పోయింది. మూడుసార్లు ఇదే తంతు. ఛాయ్ తాగొచ్చి నాలుగోసారి మూద్దామంటే రేకే లేదు.

డాబా మీదికి పోయి చూస్తే, ఎండలో రేకు, రేకు మీద పాత చీర ముక్క, దాని మీద వరుసగా సగ్గుబియ్యం వడియాలు.

"రేపటిదాంక ముట్టకు, పచ్చిగున్నయి," అంది అమ్మ.