ఆపిన పాలు మళ్లీ పట్టి చూడాలి

నెలల బిడ్డ మలంలో నెత్తుటి చార కనబడితే ఇల్లంతా హడలిపోతుంది. ఆవుపాల అలర్జీ కావచ్చంటూ తలో సలహా ఇస్తారు. ఆవుపాలు మాన్పించి గేదెపాలు పట్టమంటారు, అవీ పడకపోతే మేకపాలంటారు. కొన్ని ఇళ్లలో ఏకంగా తల్లిపాలే ఆపేసి డబ్బా పాలకు మారుస్తారు. వీటిలో ఏదీ బిడ్డకు మేలు చేయదు. ఆఖరిదైతే నేరుగా కీడు చేస్తుంది.

ఆవుపాలలోని కేసిన్, వే ప్రొటీన్లను బిడ్డ ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ శత్రువులుగా పొరబడటమే ఈ అలర్జీ. గేదె, మేక పాలలోని ప్రొటీన్లూ ఇంచుమించు అలాంటివే కాబట్టి, ఆవుపాలు పడని బిడ్డల్లో అత్యధికులకు అవీ పడవు. మామూలు డబ్బా పొడి కూడా పాలతో చేసిందే. తల్లి తాగిన పాలలోంచి చనుబాలలోకి చేరే ప్రొటీన్ అతి స్వల్పం. దానికి భయపడి డబ్బా పట్టడమంటే నలుసంతకు జడిసి గరిటెడు పోసినట్టే. పాలచక్కెర (లాక్టోజ్) అరగకపోవడం దీనికి పూర్తిగా వేరే సమస్య. లాక్టోజ్ తీసేసిన పాలపొడిలో ప్రొటీన్ అలాగే ఉంటుంది, దానితో అలర్జీ తగ్గదు.

ఈ అలర్జీ రెండు రకాలుగా బయటపడుతుంది. పాలు తాగిన నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లోపు ఒళ్లంతా దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, ఆయాసం వస్తే అది ఒక రకం. ఊపిరి అందకపోయినా, బిడ్డ వాలిపోయినా ప్రాణాపాయమే. తక్షణం ఆసుపత్రికి చేర్చి తొడకు అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇప్పించాలి. రెండో రకం గంటలు, రోజులు గడిచాక తెలుస్తుంది. మలంలో జిగట, రక్తం, ఆగని వాంతులు, బరువు పెరగకపోవడం దీని లక్షణాలు. దీన్ని రక్తపరీక్షలు పట్టలేవు. మొదటి రకంలోనైనా చర్మపరీక్ష, రక్తంలో అలర్జీ ప్రతిదేహాలను కొలిచే ఐజీఈ పరీక్ష అనుమానాన్ని బలపరుస్తాయంతే. ఐజీజీ అనే మరో రకం ప్రతిదేహం పేరుతో అమ్మే ఆహార పరీక్షలకైతే విలువే లేదు, వాటికి డబ్బు పోయవద్దు.

నిర్ధారణకు నమ్మదగిన దారి ఒక్కటే. రెండు నుంచి నాలుగు వారాలు పాల ప్రొటీన్ పూర్తిగా ఆపాలి. లక్షణాలు తగ్గాక మళ్లీ ఇచ్చి చూడాలి. తిరగబెడితేనే అది అలర్జీ. ఈ రెండో అడుగే చాలామంది వదిలేస్తున్నారు. బిడ్డ కుదుటపడ్డాక మళ్లీ కెలకడమెందుకన్న భయం మాకూ అర్థమవుతుంది. అయితే పసికందుల ఏడుపు, పాలు కక్కడం వయసుతోపాటే సర్దుకునేవి. పాలు ఆపినందుకే తగ్గాయని ఎలా చెప్పగలం? ఇంగ్లండ్‌లో ఈ అలర్జీకి రాసే ప్రత్యేక పాలపొడి చీటీలు 2006 నుంచి 2016 నాటికి దాదాపు ఆరు రెట్లయ్యాయి. జబ్బు అంతగా పెరిగిందనడానికి ఆధారం లేదు. మన దేశంలో శిశు పాలపొడుల ప్రచారాన్ని 1992 చట్టం నిషేధించింది. అవసరం లేని చీటీ రాసినా ఆ చట్టం ఉద్దేశం దెబ్బతింటుంది.

తల్లిపాలు తాగే బిడ్డకు అలర్జీ ఉందని తేలితే పత్యం తల్లిది. పాలు, పెరుగు, నెయ్యి లేని బాలింత భోజనమంటే అత్తింట్లో, పుట్టింట్లో ఎంత పోరు పడాలో ఆమెకే తెలుసు. పాలిచ్చే తల్లికి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం అవసరమని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. దానికి మన ఉత్తరాంధ్ర వంటిల్లే కొంత ఆసరా: చోడి (రాగి) అంబలి, నువ్వులు, మునగాకు, ముల్లుతో సహా నమిలే నెత్తళ్లు. మిగిలిన లోటుకు మాత్రలు కావాలి. మళ్లీ పరీక్షించకుండా ఈ పత్యాన్ని నెలల తరబడి మోయించడం ఆమెకు అన్యాయం.

ఆరో నెలలో అన్నప్రాశన వస్తుంది. ఈ పిల్లలకు పరమాన్నాన్ని కొబ్బరిపాలతో వండుకోవచ్చు, వేడుకకు ఏ లోటూ ఉండదు. రోజూ తాగే పాలకు బదులుగా మాత్రం కొబ్బరిపాలు, బాదంపాలు ఏడాదిలోపు బిడ్డకు చాలవు. నానబెట్టి తినిపించే బిస్కెట్‌లోనూ పాలపొడి ఉండొచ్చు, ప్యాకెట్ వెనక చదవాలి. ఎక్కువమంది పిల్లలకు ఐదేళ్లలోపే ఈ అలర్జీ పోతుంది కాబట్టి, ప్రతి ఆరు నెలలకో ఏడాదికో వైద్యుల సలహాతో మళ్లీ పాలు ఇచ్చి చూడాలి. వెంటనే దద్దుర్లు, ఆయాసం వచ్చిన బిడ్డకు ఆ ప్రయోగం ఇంట్లో ఎన్నడూ చేయకూడదు.

అందుకే పాలు మళ్లీ ఇచ్చి చూసే ఆ పరీక్ష పేదలకూ అందుబాటులో ఉండాలని కోరుతున్నాం. విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) పిల్లల విభాగంలో వారానికో ఉదయం ఇందుకు కేటాయించాలి. కావలసింది ఒక మంచం, కనిపెట్టుకుని ఉండే నర్సు, చేతికందేలా అడ్రినలిన్, పాల ఆఖరి మోతాదు తర్వాత కనీసం రెండు గంటల వ్యవధి. తల్లిపాలు లేని బిడ్డకు ప్రొటీన్‌ను ముక్కలు చేసిన ప్రత్యేక పొడి అవసరమవుతుంది. మామూలు డబ్బా కంటే అది కొన్ని రెట్లు ఖరీదు. హార్బర్‌లో కూలికి పోయే తండ్రి దాన్ని నెలనెలా ఎలా కొంటాడు? నిర్ధారణ అయిన పిల్లలకు ప్రభుత్వమే ఉచితంగా ఇవ్వాలి. పెందుర్తి నుంచి భీమిలి దాకా ఏఎన్‌ఎంలకు, ఆశా కార్యకర్తలకు ఈ లక్షణాలపై శిక్షణ ఇవ్వాలి. పత్యంలో ఉన్న బాలింతకు అంగన్‌వాడీ పాలకు బదులు చోడిపిండి, నువ్వుల ఉండలు ఇచ్చే ఏర్పాటును జిల్లా యంత్రాంగం వెంటనే మొదలుపెట్టాలి.