మేళానికి శాలువా చాలదు, నెల జీతం కావాలి

మొన్న శుక్రవారం చెన్నై తిరువొత్తియూరులో మా వీధి గుడికి వెళ్లాను. హారతి వేళకు పూజారి గారు గోడ మీద మీట నొక్కారు. మూల నిలబెట్టిన యంత్రం ఇనుప చేతులతో డోలునూ గంటనూ దబదబా బాదింది. అదే గుడిలో పాతికేళ్లు నాదస్వరం వాయించిన బాబాయి గారు నా పక్కనే ఉన్నారు. "దానికి శ్రుతి లేదురా" అన్నారు మెల్లగా. నాకు కడుపు మండిపోయింది.

ఆయన నాదస్వరానికి దారంతో అరడజను రెల్లు పీకలు వేలాడుతుంటాయి. ఒకటి నోట్లో తడిపి, ఊది చూసి, కుదరకపోతే ఇంకొకటి అందుకుంటారు. డోలు వాయించే ఆయన కుడిచేతి వేళ్లకు గుడ్డా జిగురూ చుట్టి ఎండబెట్టిన తొడుగులు వేసుకుంటారు. ఇద్దరు నాదస్వరం, ఇద్దరు డోలు, ఒకరు తాళం, ఒకరు శ్రుతి. ఈ ఆరుగురూ కలిసి సాధన చేస్తేనే అది మేళం. ఇప్పుడు ఒకరు ఆటో నడుపుతున్నారు, ఒకరు అపార్ట్‌మెంటుకు కాపలా ఉంటున్నారు. పెళ్లిళ్ల కాలంలో తప్ప ఆరుగురూ ఒకచోట కూర్చున్నదే లేదు.

ఈ ఊరి త్రిపురసుందరి మీద త్యాగరాజు తెలుగులో ఐదు కృతులు రాశారు. సభలో టికెట్టు కొనలేని మా అమ్మమ్మ త్యాగరాజ కృతులను విన్నది ఊరేగింపులో, మేళం వెంట నడుస్తూ. అందుకే మేళం పోతే పోయేది ఆరుగురి బతుకుతెరువు ఒక్కటే కాదంటున్నాను.

"ప్రపంచమంతా ఒక్కటైపోయింది, వినేవాళ్లుంటే కళ అదే బతుకుతుంది" అంటారు కొందరు. ప్రపంచం నలుమూలల పాటలూ ఫోనులోకి ఉచితంగా వచ్చిపడుతుంటే, ఆరుగురికి కూలి ఇవ్వాల్సిన మేళం వాటితో ఎలా పోటీ పడుతుంది? ఫ్రాన్సు చూడండి. రేడియోల్లో ప్రధాన సమయంలో వేసే పాటల్లో 40 శాతం ఫ్రెంచి పాటలు ఉండాలని 1996 నుంచి నియమం అమలు చేసింది. సాంస్కృతిక వైవిధ్యాన్ని కాపాడుకునే హక్కు ప్రభుత్వాలకు ఉందని 2005లో యునెస్కో ఒప్పందమే చేసింది. మన దేశమూ అందులో చేరింది. 2017లో చెన్నైకి సంగీత నగరమన్న గుర్తింపూ వచ్చింది.

పొంగల్‌కు చెన్నై సంగమం పేరుతో పార్కుల్లో కళా ఉత్సవం జరుపుతున్నారు, మంచి పనే. నేనూ పార్కులో నిలబడి చప్పట్లు కొట్టాను. కానీ పండుగ దాటాక ఆ కళాకారులు ఏం తినాలి? మా మేళం తరఫున నేనే ఒక కార్యాలయంలో సాయానికి దరఖాస్తు పెట్టాను. సంఘం రిజిస్ట్రేషన్ పత్రం, మూడేళ్ల ఆడిట్ లెక్కలు అడిగారు. తాంబూలంలో పెట్టి ఇచ్చే సంభావనకు ఆడిట్ ఎక్కడి నుంచి తేవాలి?

నేను అడిగేది చిన్నది. దేవాదాయ శాఖ కింద ఉన్న, ఆదాయం గల ప్రతి పెద్ద గుడిలో ఆరుగురికీ నెల జీతం ఇవ్వాలి. చిన్న గుళ్లు నాలుగైదు కలిసి ఒక మేళాన్ని పోషించుకునేలా ప్రభుత్వం సగం భరించాలి. కార్పొరేషన్ కల్యాణ మండపాలు ముహూర్తాలు లేని రోజుల్లో సాధనకు తెరవాలి. ప్రభుత్వ సంగీత కళాశాలల్లో నాదస్వరం, డోలు నేర్పుతూనే ఉన్నారు. ఆ పిల్లలు చదువు ముగించాక వాయించడానికి ఒక గుడి చూపించాలి కదా!

ఆదివారం సాయంత్రం మా గుడి కమిటీ కూర్చుంటోంది. కనీసం శుక్రవారాలైనా యంత్రం ఆపి మేళాన్ని పిలవమని, ఆ ఖర్చుకు వీధిలో చందాలు నేను వసూలు చేస్తానని చెప్పబోతున్నాను. చుట్టుపక్కల ఉన్నవాళ్లు ఆరు గంటలకు వచ్చి నా పక్కన నిలబడండి.