రాక్ అండ్ రోల్‌కు మడి కట్టే విధానం

ఏ సంగీతానికైనా వాయించేవారి కంటే కాపలా కాసేవారి అవసరమే ఎక్కువని నేను చిన్నప్పటి నుంచీ నమ్ముతున్నాను. వాయించడం కాస్త సాధన చేస్తే ఎవరికైనా అబ్బుతుంది. వాయించినది అసలైనదో కాదో తేల్చి, కానిదాన్ని గడప బయటే నిలబెట్టడానికి మాత్రం పుట్టుకతో వచ్చిన నిష్ఠ ఉండాలి. నాకు ఏ వాద్యమూ రాదు. దీన్ని మా ఇంట్లో కొందరు లోపంగా ఎంచుతారు గానీ, తీర్పరికి వాద్యాలతో చుట్టరికం లేకపోవడమే నిష్పాక్షికతకు మొదటి షరతు. ఇటీవల మా మేనల్లుడు నలుగురు స్నేహితులను పోగుచేసుకుని, "మావయ్యా, మేం రాక్ అండ్ రోల్ వాయిస్తున్నాం" అని ఎవరి అనుమతీ తీసుకోకుండా ప్రకటించడంతో, ఈ సంగీతానికి సంబంధించిన మడి, మైల, అంటు, ప్రాయశ్చిత్తాలను ఒకచోట రాసిపెట్టవలసిన అగత్యం ఏర్పడింది.

శుద్ధికి ముందు జాతకం చూడాలి. రాక్ అండ్ రోల్ పుట్టిన ఘడియ విషయంలో పెద్దల మధ్య ఏకాభిప్రాయం లేకపోయినా, చాలామంది వేలు చూపేది 1951 మార్చిలో మెంఫిస్ నగరం యూనియన్ అవెన్యూలోని శామ్ ఫిలిప్స్ స్టూడియోలో రికార్డయిన 'రాకెట్ 88' వైపే. మిసిసిపీ నుంచి ఐక్ టర్నర్ బృందం కారులో వస్తుండగా దారిలో గిటారు ఆంప్లిఫయర్ దెబ్బతిన్నది. కారు మీద నుంచి జారిపడిందని కొందరు, వానకు తడిసిందని కొందరు చెబుతారు. బాగుచేయించే వ్యవధి లేక, చిరిగిన స్పీకరులో కాగితం కుక్కి అలాగే వాయించేశారు. గిటారు స్వరం జలుబు చేసిన గొంతులా బొంగురుపోయింది. శామ్ ఫిలిప్స్‌కు ఆ బొంగురు నచ్చింది. రికార్డు మీద బృంద నాయకుడైన టర్నర్ పేరు పడలేదు; పాట పాడిన శాక్సఫోన్ వాద్యగాడు జాకీ బ్రెన్‌స్టన్ పేరూ, ఆయనకు అప్పటికి లేని 'డెల్టా క్యాట్స్' అనే బృందం పేరూ పడ్డాయి. పాటలో పొగిడింది ఓల్డ్స్‌మొబీల్ కంపెనీ కారును. చెడిపోయిన సామానుతో, తప్పుడు పేరుతో, ఒక వాహనాన్ని కీర్తిస్తూ పుట్టిన ఈ సంగీతం ఎంత నిష్కల్మషమైనదో వేరే చెప్పనక్కరలేదు గనుక, ఆ నిష్కల్మషత్వాన్ని కాపాడే బాధ్యత మన మీద మరింతగా ఉన్నది.

ఇక్కడ ఒక చిన్న చిక్కు ఉంది. తండ్రి స్థానంలో కూర్చోబెట్టిన ఐక్ టర్నరే, తన పాట రాక్ అండ్ రోల్ కాదనీ, అది రిథమ్ అండ్ బ్లూస్ అనీ, రాక్ అండ్ రోల్ పుట్టడానికి కారణం మాత్రం అయిందనీ తరువాతి రోజుల్లో చెప్పుకొచ్చాడు. 1949 చివర్లోనే న్యూ ఓర్లియన్స్‌లో పియానో మీద ఇదే దరువు వేసిన ఫ్యాట్స్ డామినో కూడా, మీరు ఇప్పుడు కొత్త పేరు పెట్టి పిలుస్తున్నది మేం ఏళ్ళ తరబడి వాయిస్తున్న పాతదేనన్నాడు. వాయించినవారి సాక్ష్యాన్ని ఇటువంటి విషయాల్లో పరిగణనలోకి తీసుకోకూడదని నా నిశ్చితాభిప్రాయం. వారికి పక్షపాతం ఉంటుంది.

మడి సంగతి తలపెట్టాక అమ్మకాల పట్టికలను వదిలిపెట్టలేము. అమెరికాలో నల్లవారి రికార్డులను 'రేస్ రికార్డులు' అనే వేరే వరుసలో లెక్కించేవారు. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక ఆ వరుస పేరును 'రిథమ్ అండ్ బ్లూస్' అని మార్చింది గానీ వరుసను మాత్రం విడిగానే ఉంచింది. మన పల్లెల్లో టీ కొట్టు దగ్గర రెండు గ్లాసుల పద్ధతి ఎరిగినవారికి ఇది కొత్తగా తోచదు. గ్లాసు మీద పేరు మార్చి, గ్లాసును ఉన్న మేకుకే తగిలించారు. ఆ పద్ధతి ఎంత పకడ్బందీగా నడిచిందంటే, నల్ల గాయకుడు లిటిల్ రిచర్డ్ 1955లో గొంతు చించుకుని పాడిన పాటను, తెల్ల బూట్లు తొడిగే తెల్ల పెద్దమనిషి ప్యాట్ బూన్ ఇస్త్రీ చేసిన గొంతుతో మళ్ళీ పాడితే, ప్రధాన పట్టికలో బూన్ పాటే పైమెట్టు ఎక్కింది. 1953లో నల్ల గాయని బిగ్ మామా థార్న్‌టన్ విడుదల చేసి నెగ్గించిన 'హౌండ్ డాగ్' పాటను 1956లో తెల్ల గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ అందుకోగా, టెలివిజన్ వారు ఆయనకు తోక కోటు తొడిగించి, పీట మీద కూర్చోబెట్టిన ఒక నిజమైన కుక్కకు ఎదురుగా పాడించారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినప్పుడు పుణ్యం ఎవరిదన్న ప్రశ్న మన పెద్దలను చాలాకాలంగా వేధిస్తున్నది. కుక్క ముఖంలో కనిపించిన నిర్లిప్తతను బట్టి దానికి సమాధానం తెలిసి ఉంటుందని నాకు అనుమానం. పైగా ఆ మొదటి పాటను థార్న్‌టన్ కోసం రాసినవారు లీబర్, స్టోలర్ అనే ఇద్దరు పంతొమ్మిదేళ్ళ యూదు కుర్రాళ్ళు. ఇంత కలగలుపులో గోత్రం తేల్చడం మామూలు పండితుల వల్ల అయ్యే పని కాదు.

మహిళల విషయంలో శాస్త్రం స్పష్టంగానే ఉంది: ఓపిక పట్టాలి. సిస్టర్ రోసెట్టా థార్ప్ 1944లోనే ఎలక్ట్రిక్ గిటారు మెడ వంచి భక్తి గీతాన్ని పరుగులు పెట్టించింది, చర్చివారి చేత అక్షింతలు కూడా వేయించుకుంది. మెంఫిస్ దారిలో ఆ ఆంప్లిఫయర్ చెడిపోవడానికి అప్పటికి ఇంకా ఏడేళ్ళు ఉంది. క్లీవ్‌లాండ్‌లోని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వారు 1986లో మొదటి జాబితా ప్రకటించి, ఆమె పేరు గుర్తుకు తెచ్చుకునే ప్రయత్నంలో నిమగ్నమై, 2018లో సఫలీకృతులయ్యారు. ఆమె 1973లోనే కన్నుమూసింది గనుక వేదిక మీద ఇబ్బందికరమైన ప్రసంగమేదీ జరగలేదు.

ఆ హాలు క్లీవ్‌లాండ్‌లో వెలియడానికి అక్కడి రేడియో వ్యాఖ్యాత ఆలన్ ఫ్రీడ్ కారణమని చెబుతారు. 'రాక్ అండ్ రోల్' అనే మాటను ఊరూరా మోగించినవాడు ఆయనే. 1952 మార్చి 21న ఆయన బృందం ఏర్పాటు చేసిన సభను తొలి రాక్ అండ్ రోల్ కచేరీగా లెక్కిస్తారు. పట్టే జనం కంటే రెట్టింపు జనం వచ్చి తలుపులు తోసుకోవడంతో, మొదలైన కాసేపటికే అధికారులు ఆపించివేశారు. పూర్తిగా జరగకపోవడమే ఆ కచేరీ ప్రామాణికతకు తిరుగులేని ఆధారం. చక్ బెర్రీ 1955లో రాసిన పాట మీద సహరచయితగా ఇదే ఫ్రీడ్ పేరు ఎక్కడం, రికార్డులు వేయడానికి లంచం పుచ్చుకున్న కేసులో ఆయన 1962లో నేరం అంగీకరించి జరిమానా కట్టడం వంటివి పుట్టుమచ్చల లాంటివి. పురిట్లో చూసి వదిలేయాలి.

డబ్బు అంటకూడదన్న నియమానికి వద్దాం. అసలైన రాక్ గాయకుడు పేదవాడై ఉండాలి, కనీసం పేదవాడిలా నిద్ర లేవాలి. మిక్ జాగర్ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదివినవాడు. 1981లో ఆయన బృందం రోలింగ్ స్టోన్స్ అమెరికా యాత్రకు జోవన్ అనే అత్తరు కంపెనీ ధనసహాయం చేసింది. 2003లో ఆయనకు బ్రిటిష్ రాజకుటుంబం సర్ బిరుదు తొడిగింది. అర్థశాస్త్రం, అత్తరు, ఆస్థానం మూడూ అంటినా ఆయనకు మైల సోకకపోవడాన్ని గురించి నేను చాలాకాలం ఆలోచించాను. ఆయన పాటలు నా దగ్గర పద్దెనిమిది క్యాసెట్లు ఉన్నాయి. కాబట్టి సోకలేదని తేల్చాను.

బాబ్ డిలన్ కేసులో ఆచారం మరింత లోతైనది. ఆయన మొదట కర్ర గిటారుతో జానపద గాయకుడిగా మడి కట్టుకున్నవాడు. 1965 జూలైలో న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో కరెంటు గిటారు ముట్టుకున్నాడు. మరుసటి ఏడాది మే నెలలో మాంచెస్టర్‌లో ఒక శ్రోత లేచి "జుడాస్!" (క్రీస్తును పట్టించిన ద్రోహి పేరు) అని అరిచాడు, ఆ అరిచింది నేనేనంటూ తరువాతి కాలంలో ఒకరికి మించి బయలుదేరారు. అరుపుకు కూడా అసలు, నకిలీ ఏర్పడ్డాయన్న మాట. ఆ కచేరీ దొంగ రికార్డింగు ఏళ్ళ తరబడి లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో జరిగినదిగా చేతులు మారింది, చివరికి 1998లో కంపెనీయే అధికారికంగా విడుదల చేసినప్పుడు ఆ తప్పుడు పేరునే కొటేషన్లలో పెట్టి అమ్మింది. అంటే జానపదులకు కరెంటు తాకితే మైల, రాక్ వారికి కరెంటు తాకకపోతే మైల. ఇరుపక్షాలనూ సంతృప్తిపరచాలంటే గిటారు ప్లగ్గును గోడలో సగం దాకా దూర్చి ఆపడమొక్కటే దారి. కరెంటును సహించినవారు సైతం, స్వరాలను కృత్రిమంగా పుట్టించే సింథసైజరు దగ్గర ఆగిపోయారు. క్వీన్ బృందం 1970లలో తమ రికార్డు అట్టల మీద సింథసైజర్లు వాడలేదని ఊరగాయ సీసా మీద కల్తీ లేదని రాసినట్టు రాసుకుని, 1980లో నిక్షేపంగా వాడుకుంది.

సాహిత్యం విషయంలో మాట వినబడకూడదన్నది నియమం. పోర్ట్‌లాండ్ కుర్రాళ్ళు కింగ్స్‌మెన్ 1963లో పాడిన 'లూయీ లూయీ'లో బూతులున్నాయని తల్లిదండ్రులు ఫిర్యాదు చేస్తే, ఎఫ్‌బీఐ వారు నెలల తరబడి ఆ రికార్డును రకరకాల వేగాల్లో తిప్పి విని, ఏ వేగంలోనూ ఒక్క ముక్క అర్థం కావడం లేదని తేల్చారు. ఒక ప్రభుత్వ శాఖ ఒక పాటకు ఇచ్చిన యోగ్యతాపత్రాల్లో ఇంతకంటే గొప్పది నేనెరుగను. అసలు మాటలే లేని లింక్ రే గిటారు తునక 'రంబుల్'ను 1958లో కొన్ని రేడియో స్టేషన్లు నిషేధించాయి కూడా. ఆయన కావలసిన బొంగురు కోసం స్పీకరుకు పెన్సిల్‌తో పొడిచి బెజ్జాలు పెట్టాడు. 1964లో కింక్స్ బృందంలోని డేవ్ డేవీస్ బ్లేడుతో కోశాడు. మెంఫిస్ దారి గతుకులు ఉచితంగా చేసిపెట్టిన పనిని వీరు చేత్తో చేసుకోవలసి వచ్చింది.

వెలివేత ఒక్కటే మిగిలింది. 1979 జూలై 12న చికాగోలోని కోమిస్కీ పార్కు బేస్‌బాల్ మైదానంలో, చేతిలో ఒక డిస్కో రికార్డుతో వచ్చినవారికి 98 సెంట్లకే టిక్కెట్టిచ్చి, రాక్ పక్షం వారు ఆ రికార్డులను గుట్టపోసి పేల్చివేశారు. జనం మైదానంలోకి దూకారు, ఆ రోజు జరగవలసిన రెండో ఆట జరగలేదు, ఆతిథ్య జట్టు ఓడినట్టు ప్రకటించారు. ఆ గుట్టలో డిస్కో కానివి, నల్లవారు పాడినవి అయితే చాలని తెచ్చినవి కూడా ఉన్నాయని అక్కడ పనిచేసిన ఒక కుర్రవాడు తరువాత చెప్పాడు. హోమంలో సమిధలను ఎవరు లెక్కిస్తారు?

ఇంత కష్టపడి గడప కాస్తుంటే హాల్ ఆఫ్ ఫేమ్ వారు పెరటి తలుపు తీశారు. తొలి రికార్డు వచ్చి 25 ఏళ్ళు నిండినవారిలో నుంచి ఎంచుకుంటూ, 2010లో పాప్ బృందం ఆబ్బాను, 2021లో ర్యాప్ గాయకుడు జే-జీని లోపలికి పిలిచారు. 2022లో జానపద, కంట్రీ గాయని డాలీ పార్టన్‌ను పిలిస్తే, నాకు ఆ అర్హత లేదమ్మా అని ఆమె మర్యాదగా తప్పుకోబోయింది. వారు వినలేదు. ఆమె వెళ్ళి సన్మానం అందుకుని, మనసు ఒప్పక, 2023లో ముప్పై పాటలతో ఒక రాక్ ఆల్బం చేసి బాకీ తీర్చింది. కాపలా కాసే మా అందరికంటే ఆవిడకే ఎక్కువ నిష్ఠ ఉందని ఒప్పుకోవడానికి నాకు మనసు రావడం లేదు. నా లెక్క ప్రకారమైతే అసలైన రాక్ అండ్ రోల్ పూర్తిగా అంతరించిన సంవత్సరం ఒకటి ఉంది. ఎన్ని విధాల లెక్క కట్టినా నేను ఇంటర్మీడియట్ రెండో ఏడాది పూర్తిచేసిన సంవత్సరమే వస్తున్నది. మా అన్నయ్య లెక్కలో అది నాలుగేళ్ళు వెనక్కి జరుగుతుంది. ఆయన నాకంటే నాలుగేళ్ళు పెద్ద.

అయినా మార్కెట్టు మనల్ని పూర్తిగా వదిలేయలేదు. ఐర్లాండ్ గిటారిస్టు రోరీ గాలఘర్ దగ్గర 1961 నాటి ఫెండర్ గిటారు ఒకటుండేది. ఏళ్ళ తరబడి ఆయన చెమటకు దాని రంగంతా ఊడి, కొయ్య బయటపడింది. ఫెండర్ కంపెనీ ఆ గిటారును కొలతలు తీసుకుని, అంత మేరకే రంగు గీకి, కొత్తవాటిని ఆ రూపంలో అమ్మింది. 1990ల మధ్య నుంచి ఆ కంపెనీ ప్రత్యేక విభాగంలో గిటార్లకు గీతలు, సొట్టలు, తుప్పు అద్ది 'రెలిక్' అనే పేరుతో అమ్ముతున్నారు. అరుగుదలలో కూడా కొద్దిగా తిరిగినది, బాగా నలిగినది అంటూ తరగతులున్నాయి. చెక్కుచెదరని గిటారు కంటే గీతలు పడినదానికి ధర ఎక్కువ. మన ఇళ్ళలో కొత్త ఆవకాయ జాడీకి ఎవరైనా అంచు విరగ్గొట్టి అమ్మమ్మగారిదని అమ్మితే పోలీసులకు అప్పగిస్తాం. ఇక్కడ మాత్రం మరొకరి చెమటను వాయిదాల మీద కొనుక్కోవచ్చు. ఈ ఏర్పాటును నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను, ఎందుకంటే వాయించనివాడి గిటారు కూడా వాయించినట్టు కనబడాలన్న నా చిరకాల వాంఛ దీనివల్ల నెరవేరుతుంది.

ఈ నియమావళి చిత్తుప్రతిని చదువుకొమ్మని మా మేనల్లుడికి ఇచ్చాను. మరునాడు వాడి కాలేజీలో కచేరీ. సాయంత్రం వానలో చాదర్‌ఘాట్ దగ్గర స్కూటరు మీద నుంచి ఆంప్లిఫయర్ జారిపడి, స్పీకరు చిరిగింది. బాగుచేయించే వ్యవధి లేదు. వాడు చేతికి అందిన కాగితాలేవో అందులో కుక్కి వేదిక ఎక్కాడు. నేను ముందు వరుసలో కూర్చున్నాను. గిటారు పచ్చి జలుబు చేసినట్టు బొంగురుగా గురగురలాడింది, వెనక వరుసల్లో పిల్లలు కుర్చీలు తోసేసి లేచారు, నేను చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాను. కచేరీ అయ్యాక వాడు చెమటలు కక్కుతూ వచ్చి, "ఎలా ఉంది మావయ్యా?" అన్నాడు.

సొంత మేనల్లుడు గనుక నొప్పించలేదు. కోఠి గుజరాతీ గల్లీలో స్పీకర్లకు కొత్త కోను వేసే మనిషి నంబరు రాసిచ్చి, పొద్దున్నే వెళ్ళి ఆ రొద పోయేలా చేయించుకొమ్మన్నాను. లోపల కుక్కిన కాగితాలు తీసి వాడు నాకు తిరిగి ఇచ్చాడు. రెండో పేజీ మీద గుండ్రంగా ఒక నల్లటి ముద్ర పడింది గానీ, అక్షరాలేవీ చెరగలేదు.