ఊగే గొలుసు గడియారం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గొలుసు గడియారం గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. మీ జాతిని చేతిగడియారాలు జేబుల్లోంచి వెళ్లగొట్టి, ఆ చేతిగడియారాల బతుకును సెల్‌ఫోన్లు సగం చేసిన ఈ కాలంలో, సమయం చెప్పే బాధ్యత ఏమాత్రం లేకుండా కేవలం ఊగడమే వృత్తిగా కొలువులో కొనసాగుతున్నది మీరొక్కరే కనుక ముందుగా నా అభినందనలు స్వీకరించగలరు. మిమ్మల్ని కళ్లముందు నాలుగుసార్లు అటూ ఇటూ ఊపితే చాలు, ఎంతటివాడైనా కన్నతల్లిని మరచి, దస్తావేజుల మీద సంతకాలు పెట్టి, చూపించినవాడిని పొడిచి వస్తాడని మన వెండితెర తరాల తరబడి నేర్పింది. దాని ఫలితంగా, పరీక్ష పేరెత్తితే చేతులు వణికో, ఏ మందుకూ లొంగని కడుపునొప్పితోనో వచ్చిన మనిషితో, మనసును ఒకచోట లీనం చేసి మాటలతో సూచనలిచ్చే చికిత్సను ఉద్దేశించి వైద్యుడు "ఒకసారి హిప్నోథెరపీ కూడా చూద్దామా" అంటే, ఆ మనిషి కంటికి వైద్యుడు కనిపించడం మానేసి మీరు కనిపిస్తున్నారు. ఆ తరువాత పుట్టే సందేహాలన్నీ మీ చలవే.

అందులో అగ్రతాంబూలం "మళ్లీ లేవకపోతే?" అన్న ప్రశ్నది. హిప్నాసిస్‌లోకి వెళ్లి అక్కడే స్థిరనివాసం ఏర్పరచుకున్నవారు ఇంతవరకు లేరని మీకూ తెలుసు, అయినా మీరు నోరు విప్పరు. అది నిద్ర కాదు, స్పృహ తప్పడమూ కాదు. హరికథలో లీనమైన శ్రోతకు కాలిమీద దోమ కుట్టినా తెలియదు గాని, పందిట్లో ఎవరైనా "నిప్పు" అని కేక వేస్తే అందరితోపాటే లేచి పరుగెత్తుతాడు, అటువంటి ఏకాగ్రత అది. చికిత్స చేసేవారు మధ్యలో కాఫీకని వెళ్లి తిరిగి రాకపోయినా, కుర్చీలోని మనిషి కాసేపటికి తనంతట తానే కళ్లు తెరుస్తాడు, లేదా మామూలు కునుకు తీసి లేస్తాడు. లేచాక ఫీజు సంగతి కూడా గట్టిగానే అడుగుతాడు. కొందరికి కొద్దిసేపు తలనొప్పో మగతో కళ్లు తిరగడమో ఉంటుంది, ఒక్కొక్కరికి మనసు కలతపడుతుంది. చాలామందికి జరిగినదంతా గుర్తుంటుంది, అందుకే "ఇంతేనా" అని కాస్త నిరాశపడతారు.

రెండవది రహస్యాల భయం. మీరు ఊగగానే ఏటీఎం పిన్ నంబరుతో మొదలుపెట్టి పెళ్లికి ముందటి సంగతుల వరకు వరుసగా కక్కేస్తామని చదువుకున్నవారే వణికిపోతారు. హిప్నాసిస్‌లో ఉన్న మనిషి మౌనంగా ఉండగలడు, వద్దనగలడు, కావాలంటే నిక్షేపంగా అబద్ధమూ ఆడగలడు. బ్యాంకు మేనేజరునని ముక్కూమొహం తెలియనివాడు ఫోన్ చేస్తే, నిండు మెలకువతో ఓటీపీ చదివి వినిపించే జనం మీ ముందు పిన్ నంబరు కాపాడుకోవాలని బిగుసుకుని కూర్చోవడం చూసి మీకైనా నవ్వు రావడం లేదా?

ఇక మూడో రకం వారు భయపడరు, గర్విస్తారు. "నాది గట్టి మనసండీ, నాకు ఇవన్నీ పట్టవు" అంటారు, పట్టినవాళ్లంతా బలహీనులైనట్టు. ఎవరు ఎంతవరకు స్పందిస్తారో కొలవడానికి వైట్‌జెన్‌హాఫర్, హిల్గార్డ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1959లో పన్నెండు అంశాల కొలమానం ఒకటి తయారుచేశారు. బాగా స్పందించేవారు నూటికి పది పదిహేను మంది, అసలు స్పందించనివారు కొద్దిమంది, తక్కినవారంతా మధ్యలో. పాతికేళ్ల తరువాత అదే మనుషులను మళ్లీ పరీక్షించినా ఆ లెక్క పెద్దగా మారలేదు. అది ఊహలో లీనం కాగల శక్తికి సంబంధించినది; మొండితనం పతకం కాదు, స్పందన చేతకానితనమూ కాదు. కాలేజీ వార్షికోత్సవంలో ఉల్లిపాయను ఆపిల్ అనుకుని నమిలే కుర్రవాడు కూడా మీ మహిమకు సాక్ష్యం కాదు: వేదికమీదికి వచ్చేవారు ఇష్టపడి వచ్చినవారు, అందులోనూ చిన్న చిన్న పరీక్షలతో వడపోసి నిలిపినవారు, పైగా ముందు వరుసలో స్నేహితులు చప్పట్లు కొడుతున్నారు. తెలుగువారికి హిప్నాటిజం అనగానే గుర్తుకొచ్చే బి.వి. పట్టాభిరామ్ గారు మేజిక్ వేదిక నుంచి కౌన్సెలింగ్ గది దాకా నడిచినా, జనం మాత్రం వేదిక దగ్గరే ఆగిపోయారు, బహుశా మీరు అక్కడ ఎక్కువ మెరుస్తారు కనుక.

మీ వంశచరిత్ర కూడా కొంచెం తిరగవేద్దాం. మీ మూలపురుషుడు గడియారం కాదు, తొట్టె. వియన్నా నుంచి 1778లో పారిస్ చేరిన మెస్మర్ అనే వైద్యుడు, విశ్వమంతా ఒక అయస్కాంత ద్రవం ప్రవహిస్తోందని చెప్పి, ఇనుప కడ్డీలు పొడుచుకొచ్చిన పెద్ద తొట్టె చుట్టూ రోగులను కూర్చోబెట్టేవాడు. ఫ్రాన్స్ రాజుగారు 1784లో వేసిన విచారణ సంఘంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రవేత్త లావోజియే వంటివారు ఉన్నారు. మెస్మర్ శిష్యుడొకడు ఫ్రాంక్లిన్ తోటలో ఒక చెట్టుకు శక్తి ఎక్కించాడు. కళ్లకు గంతలు కట్టిన 12 ఏళ్ల పిల్లవాణ్ణి చెట్టు నుంచి చెట్టుకు తిప్పితే, శక్తి ఎక్కించిన చెట్టు దగ్గరకు చేరకముందే, దానికి దూరంగా మరో చెట్టు కింద స్పృహ తప్పి పడిపోయాడు. ద్రవం లేదు, ఉన్నది ఊహ అని సంఘం తేల్చింది. తొట్టె ఉద్యోగం అక్కడితో పోయింది గాని, ఊహ ఒక్కటే ఒక పిల్లవాణ్ణి పడగొట్టగలిగితే ఆ ఊహను మందుగా వాడవచ్చు కదా అని ఆ పెద్దమనుషులు పట్టించుకోలేదు.

పట్టించుకున్నవాడు మనవాడు. గోవాలోని కండోలిమ్‌లో 1756లో పుట్టిన ఫరియా అనే క్రైస్తవ మతాచార్యుడు, పారిస్‌లో 1813 నుంచి ప్రదర్శనలిస్తూ, శక్తి అనేది ఊపేవాడిలోనూ లేదు, ఊగేదానిలోనూ లేదు, కూర్చున్నవాడి మనసులోనే ఉంది అని బల్లగుద్ది చెప్పాడు. కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని, "నిద్రపో" అనడమే ఆయన పరికరాల జాబితా. పణజిలో ఆయన విగ్రహం చూసినవారికి తెలుస్తుంది, చాచిన ఆ రెండు చేతుల్లోనూ మీరు లేరు. మాంచెస్టర్‌లో జేమ్స్ బ్రెయిడ్ అనే శస్త్రవైద్యుడు 1840లలో రోగులను మెరిసే వస్తువు మీద చూపు నిలపమన్న మాట నిజమే, అయితే ఆయన ఎత్తిపట్టుకున్నది తన కత్తుల పెట్టె. కళ్లు అలసిపోవడానికి ఏదో ఒకటి కావాలి, అంతే. నేటి క్లినిక్కులో గోడమీద మచ్చ, సొంత ఊపిరి, ఎదుటివారి నెమ్మదైన గొంతు ఆ పని చేస్తున్నాయి. మన దేశంలోనే, హుగ్లీలో, 1845 నుంచి ఎస్డెయిల్ అనే వైద్యుడు మెస్మర్ బాణీలో స్పృహ మరల్చి వందలాది శస్త్రచికిత్సలు చేశాడు. మసక గదిలో రోగి శరీరం మీదుగా గంటల తరబడి చేతులు కదుపుతూ కూర్చున్నది ఆయన దగ్గరి స్థానిక సహాయకులు. పేరు మాత్రం దొరగారిది. మరుసటి ఏడే బోస్టన్‌లో ఈథర్ అనే మత్తుమందు వచ్చి, గంటల పనిని నిమిషాల్లో చేసిపెట్టడంతో ఆ గదులు మూతపడే దారి పట్టాయి. ఇంత చరిత్రలో మీ వాటా ఎక్కడుందో వెదికి చెప్పగలరా?

పోనీ మీరు లేకుండా జరిగే చికిత్స అయినా పనిచేస్తుందా అంటే, కొన్నిటికి చేస్తుంది, కొన్నిటికి చేయదు, ఈ మాట మీ అభిమానులకూ నచ్చదు, మీ శత్రువులకూ నచ్చదు. మాటిమాటికీ కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాలతో వేధించే ఐబీఎస్ అనే పేగుల జబ్బు మీద మాంచెస్టర్‌లో వోర్‌వెల్ బృందం 1984లో 30 మంది మొండి రోగులతో చేసిన ప్రయోగం మొదలు చాలా పరీక్షలు జరిగాయి. ఏడాదిపాటు మందులు వాడినా తగ్గనివారికి దీన్ని పరిశీలించవచ్చని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. బెల్జియంలోని లీజ్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 1992 నుంచి వేలమందికి, పూర్తి మత్తు బదులు స్థానిక మత్తుమందుకు హిప్నాసిస్ జోడించి థైరాయిడ్ వంటి ఆపరేషన్లు చేశారు. మాంట్రియల్ పరిశోధకులు 1997లో మనుషుల చేతులను చురుక్కుమనే వేడినీళ్లలో పెట్టించి, బాధ తగ్గుతుందని హిప్నాసిస్‌లో సూచిస్తే, బాధలోని భరించలేనితనానికి సంబంధించిన మెదడు భాగంలో చలనం నిజంగానే మారడం చూశారు. సిగరెట్ మానడానికి మాత్రం ఇది ఇతర పద్ధతులకంటే మెరుగని గట్టి రుజువు దొరకలేదు. "ఒక్క సిటింగ్‌లో సిగరెట్ బంద్" అని బోర్డు కనిపిస్తే ఆ బోర్డు ఊగకపోయినా అనుమానించవలసిందే.

అన్నిటికంటే విచిత్రం గతజన్మల వ్యాపారం. మీ నీడలో కూర్చుని వెనకటి జన్మకు వెళ్లి వచ్చినవారిలో రాణులు, సేనాపతులు, ఆస్థాన నర్తకులు కనిపిస్తారు. తాలూకా కచేరీలో రెండో గుమాస్తాగా పుట్టి, బదిలీ కోసం అర్జీలు పెట్టుకుంటూ రిటైరైనవాడు ఒక్కడూ తగలడు. హిప్నాసిస్‌లో వచ్చే 'జ్ఞాపకం' ఎంత స్పష్టంగా ఉంటుందో అంత నమ్మదగినది కాదు. లేనిదాన్ని కూడా మనసు అల్లి, ఆపైన దాన్ని మొండిగా నమ్ముతుంది. ఆ కారణంగానే అమెరికాలో ఎన్నో న్యాయస్థానాలు హిప్నాసిస్‌తో తవ్వితీసిన సాక్ష్యాన్ని కట్టడి చేశాయి. మెడనొప్పికి కారణం పూర్వజన్మలో తెగిన తల అని చెప్పించుకున్నవారు ముందుగా ఎముకల వైద్యుడికి చూపించుకోవడం మంచిది.

తమకోసం భయపడేవారు, ఇతరులకోసం మాత్రం మిమ్మల్ని ఉత్సాహంగా అద్దెకు అడుగుతారు. "మావాడు ఇంటర్ సెకండియర్, ఫోన్ వదలడు, కాస్త హిప్నటైజ్ చేసి ర్యాంకు వచ్చేలా చూడండి" అనే తండ్రి ఒకరు. "ఆయనకు తెలియకుండా తాగుడు మాన్పించాలి" అనే ఇల్లాలు ఒకరు. మొదటివారి విషయంలో, పరీక్ష బెదురును తగ్గించుకోవడం పిల్లవాడు తానుగా నేర్చుకోగలడు, చదవని పాఠాన్ని ఎవరూ లోపల పెట్టలేరు. రెండవవారి కష్టం నవ్వుకునేది కాదు; బాగా అలవాటుపడినవాడు ఉన్నట్టుండి తాగుడు ఆపితే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు, కనుక అది ఆసుపత్రిలో, రోగికి తెలిసి, అతని సమ్మతితో జరగవలసిన పని. లేనివి కనిపించి వినిపించే మానసిక వ్యాధులున్నవారికైతే మానసిక వైద్యుడు ఒప్పుకోనిదే ఈ కుర్చీ వద్దు.

మీరు పుట్టించిన ఇన్ని భయాల మధ్య, పుట్టవలసిన భయం ఒకటి ఎవరికీ పుట్టడం లేదు. మూసిన గదిలో, కళ్లు మూసుకుని, పరాయి మనిషి ఎదుట ఒంటరిగా కూర్చోవడం గురించి ఒక అమ్మాయి సంకోచిస్తే అది పిరికితనం కాదు. ఇంట్లోవాళ్లు ఒకరు గదిలో ఉండాలని నిస్సంకోచంగా అడగవచ్చు, కాదన్నవారి గడప దిగిరావచ్చు. మానసిక వైద్యుడైతే మెడికల్ కౌన్సిల్ నమోదు, క్లినికల్ సైకాలజిస్టు అయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉంటుంది; ఆ నంబరు చూపించమనవచ్చు. నా జబ్బుకు ఇది పనిచేస్తుందనడానికి ఆధారమేమిటి, ఎన్ని సిటింగులు, మొత్తం ఎంత అవుతుంది, తగ్గకపోతే ఎవరి దగ్గరకు పంపుతారు, వాడుతున్న మందులు ఆపమంటారా అని కూడా అడగవచ్చు. ఆఖరి ప్రశ్నకు "అన్నీ ఆపేయండి" అని జవాబు వస్తే చెప్పులు వేసుకోవడమే తరువాయి.

కనుక నా విన్నపం చిన్నది. సినిమాల్లో మీరు ఎంతకాలమైనా ఊగండి, మీ పొట్ట కొట్టే ఉద్దేశం నాకు లేదు. క్లినిక్కులో మాత్రం దయచేసి ఒక జానెడు పక్కకు జరిగి వేలాడండి. మీ వెనుక గోడకు తగిలించిన సర్టిఫికెట్ ఏ విశ్వవిద్యాలయం ఇచ్చినదో, ఎన్ని రోజుల కోర్సుకు ఇచ్చినదో, మీరు అడ్డం ఉండగా చదవడం మహా కష్టంగా ఉంది.

ఇట్లు,
మీ ఊపుకు ఇంకా లొంగని ఒక విధేయుడు