ప్లేటో చెప్పడానికి పర్మిషన్ కావాలా?

అమెరికాలో టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో ఒక ఫిలాసఫీ ప్రొఫెసర్‌కి 2026 జనవరిలో, ఇంకొన్ని రోజుల్లో సెమిస్టర్ మొదలవుతుందనగా, డిపార్ట్‌మెంట్ నుంచి మెయిల్ వచ్చింది. ఆయన చెప్పేది సమకాలీన నైతిక సమస్యల కోర్సు. అందులోంచి జాతి, జెండర్ సిద్ధాంతాల పాఠాలు తీసెయ్యాలి, ఆ విషయాలు తగిలే ప్లేటో రచనలు కూడా తీసెయ్యాలి, కుదరదంటే వేరే కోర్సుకి మారాలి, ఇదీ మెయిల్ సారాంశం. ఆయన ఆ పాఠాలు తీసేసి ఆ ఖాళీలో వాక్‌స్వేచ్ఛ మీద, అకడమిక్ స్వేచ్ఛ మీద క్లాసులు పెట్టుకోవాల్సొచ్చింది.

ప్లేటో అండీ! దాదాపు 2400 ఏళ్ళ కిందటి మనిషి. ఫిలాసఫీ అనే సబ్జెక్టుకి పునాదిరాయి లాంటివాడు. ఆయన్ని ఫిలాసఫీ క్లాసులోంచే లేపేస్తే ఇక ఆ క్లాసులో ఏం చెప్పుకోవాలి?

దీని వెనక కథ పేపర్ చదివేవాళ్ళకి తెలిసిందే. 2025 సెప్టెంబర్‌లో అదే యూనివర్సిటీలో జెండర్ గురించి క్లాసులో జరిగిన గొడవ వీడియో బయటికొచ్చింది, పాఠం చెప్పినావిడ ఉద్యోగం పోయింది, యూనివర్సిటీ ప్రెసిడెంట్ కూడా దిగిపోయాడు. నవంబర్‌లో రీజెంట్స్ బోర్డు, అంటే మన దగ్గర పాలకమండలి అంటామే అది, ఒక రూల్ పాస్ చేసింది. జాతి, జెండర్ సిద్ధాంతాల్ని సమర్థించే కోర్సు ఏదైనా సరే ప్రెసిడెంట్ ముందుగా ఓకే చెప్పాలి. రూల్లో రాసింది సమర్థించే కోర్సుల గురించి, వేటు పడింది మాత్రం చర్చించే కోర్సు మీద. రెండు నెలల్లోనే ఇంత దూరం వచ్చింది.

ఇంతకీ అభ్యంతరం వచ్చిన ప్లేటో రచన సింపోజియం. కొంతమంది విందులో కూర్చుని ప్రేమ అంటే ఏంటో వంతులవారీగా మాట్లాడతారు. వాళ్ళల్లో అరిస్టోఫనీస్ అనే నాటక రచయిత తన వంతు వచ్చినప్పుడు ఒక కథ చెప్తాడు, మొదట్లో మనుషులు గుండ్రంగా, నాలుగు చేతులు నాలుగు కాళ్ళతో ఉండేవాళ్ళని, వాళ్ళల్లో మూడు రకాలు, రెండు వైపులా మగ, రెండు వైపులా ఆడ, ఒకవైపు మగ ఒకవైపు ఆడ, గ్రీకుల దేవుడు జ్యూస్ వాళ్ళని నిలువునా కోసేస్తే అప్పట్నుంచి ఎవరి సగం కోసం వాళ్ళు వెతుక్కుంటున్నారని. గుళ్ళో అర్ధనారీశ్వరుడికి దణ్ణం పెట్టుకుని పెరిగిన మనకి ఇందులో ఉలిక్కిపడాల్సింది ఏం కనపడదు. అదీగాక ఆ పుస్తకంలో ఇదే ఆఖరి మాట కూడా కాదు, తర్వాత సోక్రటీస్ లేచి, డయోటిమా అనే ఆవిడ తనకి చెప్పిందంటూ ఇంకో దారిలో తీసుకెళ్తాడు, ప్రేమ అంటే పోయిన సగాన్ని వెతుక్కోవడం కాదంటాడు. అంటే ఒక వాదం పెట్టడం, దాన్ని ఇంకొకరు కొట్టడం, విన్నవాడు తన బుర్ర పెట్టి తేల్చుకోవడం. ఫిలాసఫీ క్లాసులో జరిగేది మొత్తం ఇంతే. దీన్ని ప్రచారం అన్నవాళ్ళు ఆ క్లాసులో ఒక్క గంట కూడా కూర్చుని ఉండరని మా అభిప్రాయం.

అవతలివాళ్ళ మాట కూడా చెప్పాలి. పన్నుల డబ్బుతో నడిచే యూనివర్సిటీలో ఏం చెప్తున్నారో అడిగే హక్కు జనానికి ఉంది, కొంతమంది ప్రొఫెసర్లు క్లాసుని పార్టీ మీటింగ్ చేస్తున్నారు అంటారు. ప్లేటోని మేం బ్యాన్ చెయ్యలేదు, వేరే క్లాసుల్లో చెప్తూనే ఉన్నారని యూనివర్సిటీ కూడా అంటోంది. అడగండి, తప్పకుండా అడగండి. పాఠం బాలేదంటే తోటి ప్రొఫెసర్లతో రివ్యూ చేయించండి, స్టూడెంట్‌కి అన్యాయంగా మార్కులు తగ్గిస్తే కంప్లైంట్ తీసుకోండి. అంతేగానీ ఏ క్లాసులో ప్లేటో ఉండొచ్చో ఏ క్లాసులో ఉండకూడదో పైనున్న ఆఫీసు చెప్తుంటే, బ్యాన్ అనే మాట వాడకపోయినా అక్కడ జరిగింది వేరే ఏం కాదు.

మాకు అన్నిటికంటే భయం వేస్తున్న సంగతి ఒకటుంది, అది ప్లేటో కంటే పెద్దది. ఒక్కసారి ఈ పర్మిషన్ పద్ధతి పెట్టాక దాన్ని ఎవరూ తీసెయ్యరు. రీజెంట్స్‌ని పెట్టేది గవర్నర్. ఈ గవర్నర్‌కి జెండర్ అంటే గిట్టదు. రేపు ఇంకో పార్టీ గవర్నర్ వస్తాడు, ఆయనకి మార్కెట్‌ని మెచ్చుకునే పాఠం గిట్టదు, ఆ తర్వాత వచ్చేవాడికి దేవుడి గురించి క్రైస్తవ తత్వవేత్త అక్వైనస్ చెప్పింది గిట్టదు. ఫారం అదే, సంతకం పెట్టే చోటు అదే, చెయ్యి ఒకటే మారుతుంది. ఇవాళ చప్పట్లు కొడుతున్నవాళ్ళు ఈ ఒక్క ముక్క ఆలోచిస్తే చాలు.

2019లో ఇదే టెక్సస్‌లో క్యాంపస్‌లో వాక్‌స్వేచ్ఛ కోసం అని ప్రత్యేకంగా చట్టం చేశారు, ఇదే గవర్నర్ అబాట్ సంతకం పెట్టాడు. యూనివర్సిటీల్లో వామపక్షం వేరే గొంతు వినిపించనివ్వట్లేదని అప్పట్లో ఊరూవాడా చెప్పింది ఈ రిపబ్లికన్ పార్టీ వాళ్ళే. పాశ్చాత్య నాగరికత గొప్ప పుస్తకాలు పిల్లలతో చదివించాలని గొంతు చించుకునేదీ వీళ్ళే. ఆ గొప్ప పుస్తకాల్లో మొదటి వరసలో ఉండేదే ప్లేటో కదా. చదివించండి అన్న చేత్తోనే తీసెయ్యండి అని రాస్తే ఏమనుకోవాలి?

ఈ రోగం ఒక పార్టీదో ఒక దేశానిదో కాదు. 1922లో లెనిన్ ప్రభుత్వం బెర్డ్యాయెవ్ లాంటి తత్వవేత్తల్ని ఓడలెక్కించి దేశం దాటించింది, మిగిలినవాళ్ళకి ప్రభుత్వం ఒప్పుకున్న ఒకే ఒక్క ఫిలాసఫీ మిగిలింది. 1950ల్లో అమెరికాలో కమ్యూనిజం భయంతో క్లాసులో ఏం చెప్పావని లెక్చరర్లని విచారణలకి పిలిచారు, పాల్ స్వీజీ అనే మార్క్సిస్టు ఎకనమిస్టు యూనివర్సిటీలో ఇచ్చిన లెక్చర్ గురించి చెప్పనంటే జైలు దాకా వచ్చింది, 1957లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పిస్తేగానీ ఆగలేదు. బ్రెజిల్ సంగతి ఇంకా ఘోరం, అక్కడ 1971లో సైనిక ప్రభుత్వం స్కూళ్ళలోంచి ఫిలాసఫీని తప్పించి పౌరనీతి పాఠాలు పెట్టింది, ప్రజాస్వామ్యం వచ్చాక కూడా మళ్ళీ తప్పనిసరి సబ్జెక్ట్ అవ్వడానికి 2008 దాకా పట్టింది, 2017 సంస్కరణలతో మళ్ళీ పలచబడింది, 2019లో బోల్సొనారో వచ్చి ఫిలాసఫీ, సోషియాలజీ డిపార్ట్‌మెంట్లకి డబ్బు తగ్గిస్తాం, ఇంజనీరింగ్, మెడిసిన్ లాంటి వెంటనే లాభం ఉన్నవాటికి ఇస్తాం అన్నాడు. తీసెయ్యడానికి ఒక్క చట్టం చాలు, తిరిగి తేవడానికి 37 ఏళ్ళు. ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి.

మన సంగతి చూద్దాం. 2011లో, అంటే కేంద్రంలో కాంగ్రెస్ కూటమి ఉన్నప్పుడే, ఢిల్లీ యూనివర్సిటీ అకడమిక్ కౌన్సిల్ రామాయణాల మీద ఎ.కె.రామానుజన్ వ్యాసాన్ని సిలబస్‌లోంచి తీసేసింది. 2018లో అక్కడి కమిటీయే మన కంచ ఐలయ్య గారి పుస్తకాలు పొలిటికల్ సైన్స్ ఎం.ఏ. సిలబస్‌లోంచి తీసెయ్యాలంది. 2023లో ఫిలాసఫీ బి.ఏ.లో అంబేడ్కర్ తత్వం కోర్సు తీసేద్దామనే ప్రతిపాదన వస్తే డిపార్ట్‌మెంట్ వాళ్ళే ఎదురు నిలబడ్డారు, వాళ్ళని మెచ్చుకోవాలి. ప్రభుత్వాలు మారాయి, లిస్టులో పేర్లు మారాయి, లిస్టు రాసే అలవాటు మాత్రం పోలేదు. 2011లో నోరు మూసుకుని 2018లో మాత్రం రోడ్డెక్కినవాళ్ళూ ఉన్నారు, దానికి తలకిందులుగా చేసినవాళ్ళూ ఉన్నారు. మనకి నచ్చనిది తీసేస్తే క్రమశిక్షణ, నచ్చింది తీసేస్తే దాడి అంటే ఎవరు నమ్ముతారు మిమ్మల్ని?

విచారం ఏంటంటే ఈ విషయంలో మనకి ఎవరూ కొత్తగా నేర్పాల్సిన పని లేదు. మన శాస్త్రాల్లో పూర్వపక్షం అని ఒక పద్ధతి ఉంది. అవతలివాడి వాదాన్ని వాడికంటే బాగా చెప్పి ఆ తర్వాతే ఖండించాలి. పద్నాలుగో శతాబ్దంలో విజయనగరం కాలంలో మాధవాచార్యులు దర్శనాలన్నిటినీ ఒకచోట చేర్చి సర్వదర్శన సంగ్రహం రాస్తూ మొదటి అధ్యాయం ఎవరికిచ్చాడు? దేవుడూ లేడు, పరలోకమూ లేదు అన్న చార్వాకులకి. ఆయన అద్వైతి, వాళ్ళతో ఒక్క మాట కూడా ఒప్పుకోడు, అయినా వాళ్ళేమన్నారో రాశాడు. చార్వాకుల గురించి ఇవాళ మనకి తెలిసిందాంట్లో ఎక్కువ భాగం వాళ్ళ ప్రత్యర్థులు రాసిపెట్టిందే. ఆ కాలంలో ఎవరో ఆఫీసులో కూర్చుని ఈ నాస్తికుల పాఠం కొట్టెయ్ అని ఉంటే అదీ ఉండేది కాదు.

రాధాకృష్ణన్ గారు ఫిలాసఫీ ప్రొఫెసర్, 1931 నుంచి 1936 దాకా ఆంధ్రా యూనివర్సిటీ వైస్ చాన్సలర్. ఆయన అధ్యక్షతన 1948-49లో పనిచేసిన యూనివర్సిటీ విద్యా కమిషన్ రిపోర్టులో, చదువు మీద పెత్తనమంతా ప్రభుత్వం చేతిలో ఉండటం నియంతలకి బాగా పనికొచ్చిందని స్పష్టంగా హెచ్చరించారు. ఏటా సెప్టెంబర్ 5న ఆయన ఫోటోకి దండ వేసే వీసీలు ఆ రిపోర్టు ఒకసారి తీసి చదవాలి.

టెక్సస్ రీజెంట్స్ ఆ రూల్ వెనక్కి తీసుకోవాలి, ఆ ప్రొఫెసర్ పాఠం ఆయనకి ఇచ్చెయ్యాలి. అక్కడ చదువుకునే తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు, చదివి బయటికొచ్చి హ్యూస్టన్‌లో, డాలస్‌లో స్థిరపడ్డవాళ్ళూ ఉన్నారు. మా అబ్బాయిది కంప్యూటర్ సైన్స్, ఈ గొడవతో మాకేంటి అనుకునే తల్లిదండ్రులకి ఒక మాట: ఫిలాసఫీకి పెట్టిన ఫారం బయాలజీకి, హిస్టరీకి పెట్టడానికి వాళ్ళకి కొత్త ప్రింటర్ అక్కర్లేదు. ఇక సిలబస్ కమిటీల్లో, అకడమిక్ కౌన్సిళ్ళలో కూర్చునే మన ప్రొఫెసర్లకి: పైనుంచి ఫోన్ వస్తే ఏం చెయ్యగలం అని మాతో అనకండి. జీతం తీసుకుంటున్నది ఆ పాఠం చెప్పడానికి, దాన్ని కాపాడటం కూడా మీ ఉద్యోగంలో భాగమే. సైలెంట్‌గా తీసేసి, రిటైరయ్యాక ఇంటర్వ్యూల్లో బాధపడే పెద్దల్ని ఇప్పటికే చాలామందిని చూశాం. వచ్చేసారి లిస్టు వచ్చినప్పుడు మినిట్స్‌లో మీ అభ్యంతరం, మీ పేరుతో రాయించండి.