కాటా మీద సూట్‌కేసు, లెక్కలో లేని వడ్డీ

రాజోలు వైపు ఓ ఊళ్లో కొబ్బరికాయలు తూచే కాటాకి సూట్‌కేసు తగిలించి తూస్తుంటే మా విలేకరి చూశాడు. 23 కేజీలు దాటితే ఎయిర్‌పోర్టులో డబ్బులు గుంజుతారు కదా, అందుకని. ముల్లు 25 దాటింది. ఆవకాయ డబ్బా తియ్యాలా, కుక్కర్ తియ్యాలా అని పావుగంట పంచాయితీ నడిచాక అమ్మమ్మగారు తేల్చేశారు, అవి రెండూ ఉంచండి, ఆ జీన్స్ ప్యాంట్లు తీసెయ్యండి అని. ఆవిడ తీర్పుతో మాకేం పేచీ లేదు. అదే ఇంట్లో చదువు లోను మీద నెలకి వడ్డీ ఎంత పడుతుందండీ అని అడిగితే మాత్రం తండ్రికీ తెలీదు, అమెరికా వెళ్లే కొడుక్కీ తెలీదు. జాబ్ వచ్చాక చూస్కుంటాడు లెండి అన్నారు, నవ్వుతూ.

మేం గొడవ పడేది ఆ నవ్వుతోనే. విదేశాల్లో చదివే పిల్లలకి పొదుపు చెప్పమంటే అందరూ తిండి మీద పడతారు, బయట తినకు, కాఫీలు తాగకు అని. మంచిదే, కాదనం. కానీ అక్కడ చదివే పిల్లాడి నాన్న, మన రొయ్యల రైతు, ఎలాంటి మనిషంటే రోజూ చెరువులో చెక్‌ట్రే ఎత్తి చూసి, మేత మిగిలిందా లేదా అని పట్టుకుని చూసి, మిగిలితే మర్నాటికి తగ్గించి వేయించే మనిషి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల కరెంటు దగ్గర్నుంచి మందుల దాకా అన్నీ నోటు పుస్తకంలో రాస్తాడు. కొడుకు దగ్గరికొచ్చేసరికి పుస్తకం మూసేస్తాడు. డబ్బు గురించి అడిగితే పిల్లాడు బాధపడతాడని ఈయన, చెప్తే నాన్న కంగారు పడతాడని వాడు. రాత్రి వీడియో కాల్‌లో "తిన్నావా నాన్నా" "తిన్నా" తప్ప ఇంకో మాట ఉండదు.

లెక్క చూద్దాం. 30 లక్షలు 11 శాతానికి తీసుకుంటే, మొత్తం విడుదలయ్యాక ఏడాదికి వడ్డీయే 3 లక్షల 30 వేలు, నెలకి 27,500. చదువయ్యేదాకా కట్టక్కర్లేదు అంటారు గానీ పడటం మాత్రం ఆగదండి, గోదారి వరద నీళ్లలాగా రాత్రిపూట కూడా పెరుగుతుంది. చదువుతున్నప్పుడే ఆ వడ్డీ కట్టుకుంటూ వస్తే కొన్ని బ్యాంకులు రేటులో ఒక శాతం దాకా తగ్గిస్తాయి, ఆ సంగతి మేనేజర్ని అడిగి రాతలో తెచ్చుకోవాలి. దాని మీద డాలర్ ఒకటి. 2022 జులైలో 80 తాకిన డాలర్ 2025 డిసెంబర్ మొదట్లో 90 దాటింది, అంటే ఒక సెమిస్టర్ ఫీజు 10 వేల డాలర్లైతే పిల్లాడు ఒక్క సెంటు ఎక్కువ ఖర్చు పెట్టకుండానే లక్ష రూపాయలు పెరిగింది. రూపాయి పడితే ఎగుమతులకి మంచిదంటారు టీవీల్లో, మరి 2025 ఆగస్టులో అమెరికా వాడు మన సరుకు మీద 50 శాతం సుంకం వేస్తే ఆ దెబ్బ రొయ్య మీద కూడా పడింది, అదే ఏడాది కొడుక్కి డాలర్లు కొని పంపింది కూడా ఆ రైతే. రెండు వైపులా వాయింపే.

అందుకే అసలు పొదుపు విమానం ఎక్కకముందే అంటున్నాం. పన్ను నొప్పి ఉంటే భీమవరంలోనో కాకినాడలోనో ఇక్కడే చూపించుకుని వెళ్లాలి, కళ్లజోడు రెండోది చేయించుకోవాలి, అమెరికాలో స్టూడెంట్ ఇన్సూరెన్స్ ఉన్నా పళ్లకీ కళ్లకీ చాలాసార్లు వేరే కట్టాలి. ఫీజు పంపేటప్పుడు 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 10 లక్షల దాకా టీసీఎస్, అంటే పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను, లేదు, బ్యాంకు లోను డబ్బు పంపితే దాటినా లేదు, సొంత డబ్బు దాటి పంపి టీసీఎస్ కట్టినా అది రిటర్నులో సర్దుకోవచ్చు, చాలామంది ఇళ్లలో వేస్తే కదా. ఇక్కడి కార్డు తీసుకెళ్లి అక్కడ గీకితే చాలా కార్డులకి మూడున్నర శాతం దాకా మార్కప్, అంటే డాలర్లలోకి మార్చినందుకు కార్డు వాళ్లు తీసుకునే రుసుం, పోతుంది, దిగిన వారంలోనే అక్కడ అకౌంట్ తెరిస్తే ఆ బాధ ఉండదు.

ఇక జీతం. అమెరికాలో ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద క్యాంపస్‌లో వారానికి 20 గంటలు చేస్తే, గంటకి 15 డాలర్లనుకుంటే నెలకి 1,200. అందులోంచి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (అక్కడివాళ్ల పెన్షన్, పెద్దవాళ్ల వైద్యం) పేరుతో 7.65 శాతం, అంటే 92 డాలర్లు కట్ అవుతుంటే పిల్లలు నోరెత్తరు. మొదటి ఐదు క్యాలెండర్ ఏళ్లు మన పిల్లలు పన్ను లెక్కలో మామూలుగా నాన్ రెసిడెంట్ కిందే వస్తారు, ఆ రెండూ వాళ్లకి వర్తించవు, జీతాలు చూసే పేరోల్ వాళ్లనడిగి వెనక్కి తీసుకోవచ్చు. ఇంకోటి, రెండు దేశాల పన్ను ఒప్పందం 21వ ఆర్టికల్ వల్ల భారతీయ విద్యార్థికి స్టాండర్డ్ డిడక్షన్, అంటే ఆదాయంలో కొంత భాగం మీద పన్ను లేకపోవడం, వస్తుంది, వేరే దేశాల పిల్లల్లో చాలామందికి ఆ వీలు లేదు. ఏప్రిల్ 15 లోపు సరైన ఫారం, 1040-ఎన్ఆర్, వెయ్యాలి అంతే. సీనియర్ వేశాడని రెసిడెంట్ల ఫారం వేసి ఇరుక్కోవద్దు. రోజుకో కాఫీ మానేసి మిగిల్చేదీ ఇదీ దాదాపు ఒక్కటే, ఇందులో కాఫీ మానక్కర్లేదు.

అద్దె, వంట గురించి ఎక్కువ చెప్పం, అది పిల్లలకే బాగా తెలుసు. నలుగురు కలిసుండి వంతులేసుకుని వండుకుంటే చాలు, కుక్కర్ ఎలాగూ ఉంది. బ్రిటన్‌లో ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులైతే కౌన్సిల్ టాక్స్, అంటే అక్కడి ఇంటి పన్ను, లేదు, ఒక్క ఉద్యోగిని కలుపుకున్నా ఇంటికి బిల్లు వస్తుంది, అద్దె తగ్గుతుందని ఎవర్ని పడితే వాళ్లని చేర్చుకునే ముందు అది చూస్కోవాలి. జర్మనీ వెళ్లేవాళ్లు ఖాళీ ప్లాస్టిక్ సీసా పారెయ్యొద్దు, మిషన్‌లో వేస్తే 25 సెంట్లు వెనక్కొస్తాయి. ఆస్ట్రేలియాకి పచ్చళ్లు, పొడులు పట్టుకెళ్తే దిగేటప్పుడు నింపే కార్డు మీద డిక్లేర్ చెయ్యాలి, దాస్తే జరిమానా.

క్యాంపస్ బయట చేతికి క్యాష్ ఇచ్చే పని ఉందిరా రా అని ఎవరైనా పిలిస్తే? అది సంపాదనా కాదు పొదుపూ కాదు. పర్మిషన్ లేకుండా చేసి దొరికితే వీసా స్టేటస్ పోతుంది, దాంతోపాటు కట్టిన ఫీజూ పోతుంది. ఇంటి దగ్గర వడ్డీ ఎంతో తెలీనివాడూ, అప్పు ఉందని లోలోపల బెంగ ఉన్నవాడూ ఇద్దరూ ఇందులోకి దిగుతున్నారని మా అనుమానం.

జర్మనీ వీసాకి ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో వెయ్యమంటారు, అందులోంచి నెలకి 992 మాత్రమే బయటికొస్తుంది. తల్లిదండ్రుల మనసు తెలిసి పెట్టినట్టుంది ఆ రూలు. అమెరికా పంపేవాళ్లు కూడా ఇంట్లో అలాంటిదొకటి పెట్టుకోవచ్చు, నెలకింత అని, ఆదివారం కాల్‌లో ఇటు కొబ్బరి దింపు డబ్బులెంత వచ్చాయో అటు గ్రోసరీ ఎంతయ్యిందో చదువుకుంటే పోయేదేం లేదు. డెల్టాలోని బ్యాంకుల్ని మేం అడిగేది ఒక్కటే, లోను కాగితాల మీద ముప్పై సంతకాలు తీసుకుంటున్నారు కదా, చదువు పూర్తయ్యేనాటికి వడ్డీతో కలిపి ఎంత అవుతుందో ఒక పేజీలో తెలుగులో రాసివ్వండి. వీడ్కోలు పేరుతో ఊరి మొదట్లో ఫ్లెక్సీలు, రెండొందల మందికి భోజనాలు పెట్టేవాళ్లకి చెప్పేంత చనువు మాకు లేదు గానీ, ఆ భోజనాల ఖర్చుతో కొన్ని నెలల వడ్డీ తీరుతుందండీ ఆయ్.

రాజోలు ఇంట్లో సూట్‌కేసు చివరికి 22 కేజీల 800 గ్రాముల దగ్గర ఆగింది. ప్రయాణం గురువారం. కళ్లజోడు రెండోది ఇంకా చేయించలేదట.