రాయిలా బిగుసుకుపోయిన బ్రష్షు

తెరచాప పడవల వర్క్‌షాపులో మురికి పని అంటే నాకేం బాధ లేదు. ఫైబర్‌గ్లాస్ దుమ్ము మెడ మీద పడి రాత్రంతా దురద పెట్టినా ఓర్చుకుంటాను. ఓర్చుకోలేనిది తోటివాళ్ల నిర్లక్ష్యం.

ఇవాళ పడవ అడుగున పగులు పూడుద్దామని ఎపాక్సీ, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురులాంటి రెసిన్, కలిపాను. తీరా చూస్తే, నిన్న నేను శుభ్రం చేసి పెట్టిన బ్రష్షు రాయిలా బిగుసుకుపోయి ఉంది. ఎవరో వాడుకుని అలాగే పడేశారు. ఇంకొకటి వెతికి తెచ్చేలోపు కప్పులో రెసిన్ కాలిపోతూ పొగలు కక్కింది. గట్టిపడేటప్పుడు అది తనంతట తానే వేడెక్కుతుంది. లోతైన కప్పులో ఆ వేడి బయటికి పోదు. వెడల్పాటి ట్రేలో పోస్తే కాస్త టైమ్ దొరికేది. ఆ ట్రేలు కూడా ఎవరో పట్టుకుపోయారు!

పైగా చేతికంటిన రెసిన్‌ను అసిటోన్ అనే ద్రావకంతో తుడుచుకోమని ఒక ఉచిత సలహా. అది చర్మంలోని నూనెను లాగేసి, రెసిన్‌ను ఇంకా లోపలికి పోనిస్తుందని ఎన్నిసార్లు చెప్పాలి? గ్లవ్స్ డబ్బా చూస్తే ఖాళీ. అయిపోయాయని ఒక్క మాట చెబితే ఏం పోయింది?

కప్పెడు రెసిన్ దండగ. పగులు మాత్రం అలాగే నోరు తెరుచుకుని ఉంది.